గట్టు మీద పోస్ట్‌మార్టం: అల్లూరు వైపు ఒక రొయ్యల ఫార్మ్‌లో టెక్ కంపెనీల పద్ధతులు పెట్టి చూస్తే

నెల్లూరు జిల్లాలో అల్లూరు దాటి సముద్రం వైపు పోతే బకింగ్‌హామ్ కాలువకి అటూ ఇటూ ఎక్కడ చూసినా రొయ్యల గుంటలే, అందులో ఒక అన్నదమ్ముల ఫార్మ్ కేసు ఇది. ఊరు, పేర్లు చెప్పను. 18 గుంటలు, అన్నీ వనామీ రకం రొయ్యే, ముగ్గురు సూపర్‌వైజర్లు, గట్ల మీద షెడ్లలో ఉండే కుర్రాళ్లు (ఎక్కువమంది శ్రీకాకుళం నుంచి వచ్చినోళ్లు), కావలిలో ఒక ఆఫీసు, అందులో ఒక అకౌంటెంటు. నేను హైదరాబాద్‌లో ఒక పెద్ద టెక్ కంపెనీలో సర్వర్లు (వెబ్‌సైట్లు, యాప్‌లు నడిపే కంప్యూటర్లు) పడిపోకుండా రాత్రింబవళ్లు చూసుకునే టీమ్‌లో చాన్నాళ్లు చేసి ఊరికొచ్చేసినవాణ్ణి, ఇప్పుడు ఇట్టాంటి కుటుంబ వ్యాపారాల్లో పని పద్ధతులు సరిచేసిపెడుతుంటా. అన్నదమ్ముల్లో పెద్దాయన పెద్దన్న (అందరూ అట్టానే పిలుస్తారు, నేనూ అంతే) నన్ను పిలిపించి అడిగింది ఒకటే: "గూగుల్లో అమెజాన్లో మనుషుల్ని ఎట్టా నడిపిస్తారో మన దగ్గరా అట్టా పెట్టు అబ్బాయా, ఈ పనోళ్లు రాత్రిపూట నిద్రపోయి నన్ను ముంచేస్తుండారు."

రొయ్యల సాగు తెలియనోళ్లకి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. గుంటలో ఉండే నాచు పగలు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ వాడుకుంటుంది, అందుకని నీళ్లలో ఆక్సిజన్ (గట్టు మీద అందరూ డీవో అంటారు) తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువకి పడిపోతుంది. 4 పీపీఎం పైన ఉంటే నిశ్చింత, 3 కిందికి జారితే భయం, ఇంకా పడితే రొయ్య గట్టు వారకొచ్చి తేలుతుంది, తేలినాక మనం చేయగలిగింది చాలా తక్కువ. మబ్బు పట్టిన రోజులు, అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్య పెంకు విడిచే టైము, ఇవి రెండూ కలిస్తే ఇంకా కష్టం. నీళ్లు చిలికి ఆక్సిజన్ కలిపే ఏరేటర్లు ఆగకూడదు, కరెంటు పోతే నిమిషాల్లో జనరేటర్ అందుకోవాలి. ఇదంతా వింటుంటే నాకు నా పాత ఉద్యోగమే గుర్తొచ్చింది, ఎందుకంటే రెండు చోట్లా ముప్పు అర్ధరాత్రే వస్తుంది, ఆ టైములో మేలుకొని ఉండేది అందరికంటే తక్కువ జీతం వాడు, నిర్ణయం తీసుకునే అధికారం ఉన్నోళ్లంతా నిద్రలో ఉంటారు. టెక్ కంపెనీలు ఈ చిక్కు మీద చాలా డబ్బు పోసి, చాలా దెబ్బలు తిని కొన్ని పద్ధతులు కనిపెట్టుకున్నాయి, పనికొస్తే అవే పనికిరావాలి అనుకున్నా. కానీ ఫార్మ్‌లో అప్పటికే పెట్టినవి వేరే.

పెద్దన్న మేనల్లుడు ఎంబీఏ చదివొచ్చిన కుర్రాడు, తెలివైనోడే, నాకంటే ముందే రెండు సంస్కరణలు చేసిపెట్టాడు. ఒకటి టార్గెట్లు. ఓకేఆర్ (ఆబ్జెక్టివ్స్ అండ్ కీ రిజల్ట్స్, అంటే లక్ష్యం, అది అందిందా లేదా చూసే కొలతలు) అని పేరు కూడా పెట్టాడు, ప్రతి సూపర్‌వైజర్‌కీ ఎఫ్‌సీఆర్ ఇంత (కిలో రొయ్య రావడానికి ఎన్ని కిలోల మేత పట్టిందనే లెక్క), బతికిన రొయ్య శాతం ఇంత, అది కొడితే బోనస్, కొట్టకపోతే కోత. రెండోది ర్యాంకింగ్, పంట అయిపోగానే ముగ్గురు సూపర్‌వైజర్లలో ఆఖరున ఉన్నవాడికి ఇంక్రిమెంటు లేదు, వరసగా రెండుసార్లు ఆఖరున ఉంటే ఇంటికే.

రిజిస్టర్లు చూస్తే అద్భుతంగా ఉండాయి, గుంటలు చూస్తే అట్టా లేవు. కొన్నాళ్లు ఆడే తిరిగి, టీ తాగి, కుర్రాళ్లతో కబుర్లు చెప్పినాక తెలిసిందేందంటే చెక్ ట్రేలో (రొయ్య మేత తింటుందో లేదో చూడటానికి గుంటలో దించే పళ్లెం) మేత మిగిలితే దులిపేసి "క్లీన్" అని రాస్తుండారు, చచ్చిన రొయ్య ట్రేలో కనపడితే పెద్దన్న బండి రాకముందే గట్టు అవతలికి విసిరేస్తుండారు, ఒక గుంటకి వేసిన మేత మూటలు ఇంకో గుంట లెక్కలో పడుతుండాయి. ర్యాంకింగ్ పుణ్యమా అని పక్క సూపర్‌వైజర్‌కి ఏరేటర్ మోటారు కాలిపోయినా తన దగ్గరున్న స్పేర్ మోటారు ఇచ్చేవాడు లేడు, వాడి గుంట పోతే తన ర్యాంకు పెరుగుతుంది గదా.

ఇక్కడ మేనల్లుడిది పూర్తిగా తప్పని కూడా అనలేను, వీడియోల్లో చెప్పేవాళ్లు సగమే చెప్తారు. ఓకేఆర్ పద్ధతి ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ నడిపింది, ఆయన దగ్గర పనిచేసిన జాన్ డోర్ 1999లో దాన్ని గూగుల్‌కి తీసుకెళ్లాడు, అంతవరకు అందరికీ తెలుసు. గూగుల్ వాళ్లు దాన్ని జీతానికి, బోనస్‌కి నేరుగా ముడిపెట్టొద్దంటారు, టార్గెట్‌లో 60-70 శాతం అందితే బాగా చేసినట్టే లెక్క, నూటికి నూరు కొట్టేస్తుంటే టార్గెట్టే చిన్నదని అర్థం, ఇది మాత్రం ఎవరూ చెప్పరు. ఈ ముక్క తీసేసి మిగతాది పెడితే అది మన పాత కాంట్రాక్టు మేస్త్రీ పద్ధతే, పేరు కొత్తది. ర్యాంకింగ్ సంగతీ అంతే, మైక్రోసాఫ్ట్‌లో ఏళ్లతరబడి మేనేజర్లు తమ టీమ్‌లో ఇంతమంది బాగా, ఇంతమంది అధ్వానం అని తప్పనిసరిగా పంచాల్సి వచ్చేది, మంచి ఇంజనీర్లు పక్కన ఇంకో మంచి ఇంజనీర్ ఉండకూడదని కోరుకునే స్థితి వచ్చింది, చివరికి 2013 నవంబర్‌లో తీసేశారు. 2014 ఫిబ్రవరిలో మన హైదరాబాద్ నాదెళ్ల సత్య సీఈఓ అయినప్పుడు ఆయన చేతికొచ్చింది ఒకళ్లనొకళ్లు నమ్మని కంపెనీ. మేనల్లుడికి ఇదంతా చెప్తే "మరి వాళ్లు పారేసినదాన్ని మనకెందుకు నేర్పిస్తుండారు బావా" అన్నాడు, మంచి ప్రశ్నే.

ఆ రాత్రి

నేను ఇంకా చూస్తూ ఉన్న రోజుల్లోనే, అమావాస్య ముందర రెండు రోజులు మబ్బు. రాత్రి 12:30కి ఒక గుంట దగ్గర కుర్రాడు మీటర్ పెడితే డీవో 3.6 వచ్చింది. రిజిస్టర్లో 4.2 అని రాశాడు. 1:50కి కరెంటు పోయింది. పెద్ద జనరేటర్ సెల్ఫ్ కొడితే తిరగలా, బ్యాటరీ వీక్. చిన్న జనరేటర్లో డీజిల్ లేదు. డీజిల్ డ్రమ్ములు ఉన్న గదికి తాళం, తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గర, ఆయన అల్లూరులో బంధువుల ఇంట్లో ఫంక్షన్‌కి పోయి ఉండాడు, ఫోన్ స్విచాఫ్. పక్క ఫార్మ్‌కి పరిగెత్తి వాళ్ల ట్రాక్టర్ బ్యాటరీ మోసుకొచ్చి జనరేటర్ ఆన్ చేసేసరికి 3 దాటిపోయింది. రెండు గుంటల్లో రొయ్య తేలింది. ఒక గుంట అప్పటికప్పుడు పట్టుబడి (రొయ్యంతా పట్టి అమ్మేయడం) చేయాల్సి వచ్చింది, ఇంకా ఎదగని రొయ్య, 100 కౌంట్ దరిదాపు (కిలోకి వంద తూగేంత చిన్నది), వచ్చిన రేటుకే అమ్ముకున్నారు. రెండో గుంటలో ఎంత పోయిందో పంట చివర్లో గానీ తెలియలా.

పొద్దున పెద్దన్న వచ్చి చేసిన మొదటి పని ఆ కుర్రాణ్ణి లెక్క తేల్చి పంపించేయమనడం. నేను ఒక్కరోజు ఆపమని బతిమాలినా. "ఈరోజు వీణ్ణి పంపిస్తే మిగతా కుర్రాళ్లు నేర్చుకునేది ఒక్కటే అన్నా, ఇంకోసారి ఇట్టా అయితే ఇంకా బాగా దాచిపెట్టాలని" అన్నా. ఆయన ఒప్పుకోలా, కానీ ఆపాడు.

సర్వర్లు పడిపోయినప్పుడు ఏం జరిగింది, ఎందుకు జరిగింది అని తరవాత అందరూ కూర్చుని వెతికే పోస్ట్‌మార్టం అనే పద్ధతి ఉంది, గూగుల్లో దాన్ని ఎవర్నీ నిందించకుండా చేయాలనేది రూలు. దీనికి నేను పెద్దన్నకి చెప్పిన ఉదాహరణ అమెజాన్‌ది. 2017 ఫిబ్రవరి 28న వాళ్ల ఎస్3 అనే స్టోరేజ్ సర్వీసు అమెరికాలో కొన్ని గంటలు పడిపోయింది, దాని మీద ఆధారపడ్డ ఎన్నో వెబ్‌సైట్లు కూడా పడిపోయాయి. కారణం ఏందంటే బిల్లింగ్ సిస్టమ్ నెమ్మదించిందని చూస్తూ ఒక ఉద్యోగి కొన్ని సర్వర్లు తీయడానికి కమాండ్ కొట్టాడు, అందులో ఒక ఇన్‌పుట్ తప్పు పడి అనుకున్నదానికంటే ఎక్కువ సర్వర్లు పోయాయి. అమెజాన్ బయటికి ఇచ్చిన వివరణలో ఆ ఉద్యోగి పేరు లేదు. ఒకడు ఒక కమాండ్ కొడితే అంత వేగంగా అన్ని సర్వర్లు తీసేయనిచ్చిన ఆ టూల్‌దే లోపం అన్నారు, అది నెమ్మదిగా తీసేటట్టు, ఒక హద్దు కిందికి పోనివ్వకుండా మార్చారు. ఇంకో విచిత్రం, సర్వీసులు బాగున్నాయో లేదో చూపించే వాళ్ల డాష్‌బోర్డ్‌ని మార్చే ఏర్పాటు కూడా అప్పట్లో ఆ ఎస్3 మీదే నడిచేది, అందుకని అన్నీ పడిపోయినా కాసేపు దాన్ని మార్చలేకపోయారు. పెద్దన్న ఇది విని నవ్వాడు. ఆయన నవ్వు ఎక్కువసేపు నిలవలా, ఎందుకంటే ఆయన లక్షలు పెట్టి పెట్టించిన సీసీ కెమెరాలు, వాటి రౌటర్, ఫోన్‌కి అలారం వచ్చే ఏర్పాటు మొత్తం ఆ కరెంటు లైన్ మీదే ఉన్నాయి, కరెంటు పోగానే కెమెరా కూడా చచ్చిపోయింది.

షెడ్ దగ్గర మంచాలేసుకుని కూర్చున్నాం, చార్టు మీద టైము ప్రకారం రాసుకుంటూ పోయినా, మనుషుల పేర్లు లేకుండా "1 నంబర్ గుంట డ్యూటీ", "సూపర్‌వైజర్" అని మాత్రమే. ఇంకో నియమం, "ఎందుకు చేశావు" అని అడగకూడదు, "అప్పుడు నీకేం కనపడింది, ఏం అనుకున్నావు" అనే అడగాలి. మొదటి అరగంట ఎవరూ నోరు తెరవలా, తెరిచినా "తెలీదు సార్". అప్పుడు పెద్దన్నని కాసేపు బయటికి పోయి రమ్మన్నా, ఆయన మొహం మాడ్చుకుని పోయాడు, ఆ తరవాతే కబురు బయటపడింది.

3.6 ని 4.2 అని ఎందుకు రాశాడంటే, 4 కంటే తక్కువ రాస్తే పొద్దున్నే ఆఫీసుకి సంజాయిషీ చెప్పాలి, ఒకరోజు జీతం కోత పడొచ్చు. పోయిన నెలలో ఒక రాత్రి మీటర్ 2.8 చూపిస్తే భయపడి పెద్దన్నకే నేరుగా ఫోన్ చేశాడంట, ఆయన లేచొచ్చి చూస్తే ప్రోబ్ (మీటర్‌కి ఉండే, నీళ్లలో ముంచే కడ్డీ) పాడైంది, గుంట బాగానే ఉంది, ఆ రాత్రి తిన్న తిట్లు ఇంకా చెవుల్లో ఉండాయి. ఆ ప్రోబ్ ఇప్పటికీ మార్చలా. జనరేటర్ బ్యాటరీ వీక్ అని సూపర్‌వైజర్ అంతకుముందే అకౌంటెంట్‌కి చెప్పాడు, అకౌంటెంటు తమ్ముడిగారి సంతకం కావాలన్నాడు, తమ్ముడిగారు తిరుపతిలో ఉండాడు, ఎవరూ గుర్తుచేయలా. చేస్తే "ఇప్పుడే కావాల్నా" అంటారని భయం. ఇక డీజిల్ గది తాళం. రెండేళ్ల కిందట డీజిల్ దొంగతనం జరుగుతుందని అనుమానమొచ్చి రాత్రిపూట తాళం వేయించింది పెద్దన్నే.

ఆయన్ని లోపలికి పిలిచి చార్టు చదివి వినిపించినా. తాళం దగ్గరికి వచ్చేసరికి కుర్రాళ్లంతా కిందికి చూస్తుండారు. పెద్దన్న చాలాసేపు ఏమీ మాట్లాడలా, తరవాత "తాళం నేనే గదా వేయించింది, రాసుకో" అన్నాడు. నా అనుభవంలో ఈ కేసు మొత్తం మీద అన్నిటికంటే ఎక్కువ పని చేసింది ఆ మాటే, తరవాత మేము పెట్టిన రూల్స్ అన్నీ కలిపినా దానికి సాటిరావు. యజమాని తన నిర్ణయం కూడా కారణాల్లో ఒకటిగా రాయించుకున్నాడని సాయంత్రానికి 18 గుంటలకీ తెలిసిపోయింది.

ఏం మార్చామంటే

డీజిల్ తాళంచెవి రాత్రి డ్యూటీ వాడి దగ్గరే, వాడే డిప్ (డ్రమ్ములో డీజిల్ ఎంతుందో) కొలిచి రాయాలి. దొంగతనం జరిగితే? జరగనీ అన్నా, ఒక డ్రమ్ము డీజిల్ ఖరీదు ఎంత, ఒక గుంట రొయ్య ఖరీదు ఎంత. పెద్ద జనరేటర్ మీద ఒక సూపర్‌వైజర్ పేరు పెయింట్‌తో రాయించాం. యాపిల్‌లో ప్రతి పనికీ నేరుగా జవాబుదారీ అయిన ఒక మనిషి పేరు ఉంటుంది, అందరిదీ అంటే ఎవరిదీ కాదు గదా, మన జనరేటర్ సరిగ్గా అట్టానే ఎవరిదీ కాకుండా ఉండింది. 5 వేల లోపు అయితే ఆ పేరున్నవాడు ఎవర్నీ అడక్కుండా కొనేయొచ్చు, బిల్లు తరవాత ఇస్తే చాలు. కెమెరా రౌటర్‌కి బ్యాటరీ పెట్టించాం, అది అన్నిటికంటే తేలిక పని.

ఎవరు ఏం నిర్ణయించొచ్చు అనేదానికి జెఫ్ బెజోస్ షేర్‌హోల్డర్లకి రాసిన ఒక లెటర్లో చెప్పిన విభజన వాడుకున్నా. కొన్ని నిర్ణయాలు ఒకవైపే తెరుచుకునే తలుపులు, పోతే వెనక్కి రాలేం, కొన్ని రెండువైపులా తెరుచుకునేవి, నచ్చకపోతే వెనక్కి రావచ్చు, రెండో రకానికి పై వాళ్ల దాకా పోనక్కర్లేదు. ఇంకో ఏరేటర్ వేయడం, మేత ఆపడం, ఆక్సిజన్ బిళ్లలు చల్లడం, జనరేటర్ తీయడం, ఇవన్నీ కుర్రాడే చేసేయొచ్చు, అనవసరంగా చేస్తే పోయేది కొంత డబ్బు. పట్టుబడి చేయడం, నీళ్లు తీసేయడం మాత్రం పెద్దన్నని లేపి అడగాలి. ఈ రెండు జాబితాలు షెడ్ గోడ మీద రాయించాం. కుర్రాళ్లకి ఇది ఎంత నచ్చిందంటే, ఒకడు "ఇన్నాళ్లూ బిళ్లలు చల్లాలన్నా భయమేసేది సార్" అన్నాడు.

ఇంకా డీవో 4 కింద పడితే సూపర్‌వైజర్‌కి, 3 కింద పడితే పెద్దన్నకి ఫోన్, తప్పుడు కబురైనా తిట్టకూడదు. ఆఖరిది పెద్దన్న మీద పెట్టిన రూలు, పాటించడానికి ఆయన పడ్డ అవస్థ చెప్పలేను, ఒక రాత్రి ఫోన్ ఎత్తి "ఏందిరా" అని మొదలుపెట్టి ఆపుకుని "చెప్పు నాయనా" అన్నాడంట, కుర్రాళ్లు అది నెలరోజులు చెప్పుకుని నవ్వుకున్నారు. కోతలు మొత్తం ఎత్తేశాం, ర్యాంకింగ్ కూడా.

సమస్యలు పెరిగాయి

తరవాత జరిగింది నేను ఊహించినా పెద్దన్న ఊహించలా. వాట్సాప్ గ్రూప్ పెట్టి ఏ ఇబ్బంది ఉన్నా వాయిస్ మెసేజ్ పెట్టమన్నాం (అమెజాన్లో 2004లో పవర్‌పాయింట్ మానేసి ఆరు పేజీల నోట్ రాయించడం మొదలుపెట్టారు, మన గట్టు మీద ఆ రాతపని కుదరదు, వాయిస్ మెసేజే మన నోట్). అంతకుముందు నెలలో రిజిస్టర్ నిండా "ఓకే, ఓకే" ఉండేది, ఇప్పుడు రోజుకి పది మెసేజ్‌లు: ట్రేలో మేత మిగిలింది, పేగు తెల్లగా కనపడుతుంది, 7 నంబర్ ఏరేటర్ సౌండ్ మారింది, వైరు పైన పొర ఊడింది. పెద్దన్న నాకు ఫోన్ చేసి "నువ్వొచ్చినాక సమస్యలు పెరిగినాయి గదా అబ్బాయా, ఇదేనా గూగుల్" అన్నాడు.

హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ప్రొఫెసర్ ఉంది, 1990ల్లో ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద పనిచేస్తే బాగా కలిసిమెలిసి పనిచేసే టీమ్‌లలోనే ఎక్కువ పొరపాట్లు లెక్కకొచ్చాయి, ముందు ఆమెకీ అర్థం కాలా, తరవాత తేలిందేందంటే ఆ టీమ్‌ల వాళ్లు పొరపాటు జరిగితే బయటికి చెప్తుండారు, మిగతా టీమ్‌ల వాళ్లు దాస్తుండారు. గూగుల్ తమ టీమ్‌ల మీద ప్రాజెక్ట్ అరిస్టాటిల్ అని చేసిన పరిశోధనలో కూడా మంచి టీమ్‌కి అన్నిటికంటే ముఖ్యం ఇదే అని తేలింది, మాట్లాడితే తల పోదనే ధైర్యం. పెద్దన్నకి ఇదంతా ఫోన్లో చెప్పి, "సమస్యలు అంతకుముందూ ఇన్ని ఉండాయి అన్నా, మనకి వినపడలేదంతే" అన్నా. ఆయన నమ్మింది నా మాట విని కాదు, ఆ సౌండ్ మారిన ఏరేటర్ విప్పి చూస్తే బేరింగ్ పోయి ఉండింది, మోటారు కాలకముందే దొరికింది, అది చూసి నమ్మాడు.

అన్నీ సాఫీగా పోయాయని మాత్రం అనుకోవద్దు. ఫోన్ కాల్స్ మరీ ఎక్కువైపోయి సూపర్‌వైజర్లు రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టడం మొదలుపెట్టారు. సర్వర్ల పనిలో దీనికి పాత సూత్రం ఉంది, లేచినవాడు వెంటనే చేయాల్సిన పని ఏదీ లేకపోతే ఆ అలారం ఉండకూడదు. అందుకని 4 కింద పడితే కుర్రాడే ఏరేటర్ పెంచి రాసుకుంటాడు, 3.5 కింద అయితేనే సూపర్‌వైజర్‌కి ఫోన్ అని మార్చాం, ప్రోబ్‌లు అన్నీ కొత్తవి కొన్నాం. ఇంకోటి, ఒక సూపర్‌వైజర్ మేత మూటలు బయటికి అమ్ముతూ దొరికి "పోస్ట్‌మార్టంలో ఎవర్నీ ఏమనకూడదన్నారు గదా సార్" అన్నాడు. నవ్వొచ్చింది గానీ ఆయన్ని అదేరోజు పంపించేశాం, పొరపాటుకి శిక్ష లేదన్నాం గానీ దొంగతనానికి లేదనలా.

తమ్ముడుగారు అయితే పూర్తిగా ఇంకో చివరికి పోయాడు, సెన్సర్లు పెట్టి యాప్‌లో చూసుకుంటే సూపర్‌వైజర్లే అక్కర్లేదు గదా అని. గూగుల్‌లో లారీ పేజ్ 2000ల మొదట్లో ఇంజనీరింగ్ మేనేజర్లని తీసేసి చూశాడు, కొన్నాళ్లకే ఖర్చుల బిల్లులు, మనుషుల మధ్య తగువులు అన్నీ నేరుగా ఆయన దగ్గరికే వచ్చిపడితే మళ్లీ పెట్టుకున్నారు. తమ్ముడుగారు తన వంతు 6 గుంటల్లో ఈ ప్రయోగం చేస్తానన్నాడు, చేస్తుండాడు, ఇప్పుడు కుర్రాళ్ల సెలవులు, బియ్యం, సిలిండర్ కూడా ఆయన ఫోన్‌కే వస్తుండాయి.

ఒక మాట టెక్ కంపెనీల గురించి కూడా అనాలి. ధైర్యంగా మాట్లాడండి అని ప్రపంచానికి నేర్పిన గూగుల్ 2023 జనవరిలో 12 వేల మందిని తీసేస్తున్నట్టు చెప్పింది, ఎంతోమందికి ఆ కబురు ఈమెయిల్లోనే తెలిసింది, అదే నెలలో మైక్రోసాఫ్ట్ 10 వేలు, అమెజాన్ 18 వేలు అన్నాయి. మన జిల్లా పిల్లలు ఆ కంపెనీల్లో తక్కువమందేం లేరు. ఉద్యోగం ఎప్పుడు పోతుందో తెలియనివాడు మీటింగ్‌లో నోరు తెరిచి తప్పు నాదే అని చెప్తాడని నేననుకోను, పద్ధతి ఎంత మంచిదైనా. అందుకే పెద్దన్న దగ్గర నేను పట్టుబట్టి రాయించుకున్న షరతు ఏందంటే, పోస్ట్‌మార్టంలో చెప్పిన మాట ఆధారంగా ఎవర్నీ ఆ పంట అయ్యేదాకా తీసేయకూడదు.

4.2 అని రాసిన కుర్రాడు ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్లకి మీటర్ ఎట్టా పెట్టాలో నేర్పిస్తుండాడు. చిక్కు ఏందంటే కుర్రాళ్లు ప్రతి పంటకీ మారిపోతుంటారు, సంక్రాంతికి ఊరికి పోయినోళ్లలో సగంమంది తిరిగి రారు, కొత్తవాడికి గోడ మీద రాసింది కనపడుతుంది గానీ పెద్దన్న నిజంగా తిట్టడని నమ్మకం రావడానికి టైము పడుతుంది, పక్క ఫార్మ్‌లో ఇంకా కోతలే నడుస్తుండాయి. బోనస్ ఎట్టా ఇవ్వాలనేది కూడా తేలలా. గుంట వారీగా ఇస్తే మళ్లీ దాపరికం మొదలవుతుందని నా భయం, 18 గుంటలకీ కలిపి ఒకటే ఇద్దామంటే బాగా చేసినవాడికి అన్యాయం అని మేనల్లుడి వాదన, తమ్ముడుగారి 6 గుంటలు ఆ లెక్కలో కలపాలా వద్దా అనేది ఇంకో పంచాయితీ. వచ్చే పంటకి సీడ్ (రొయ్య పిల్లలు) వేసేలోపు తేల్చాలి.